బడికి ఎదురిల్లు

ఇల్లు చూడడానికి పోయిన వాళ్ళు మొదట నీళ్ళ సంగతి అడుగుతారు. బోరా, మున్సిపాలిటీ కొళాయా, వేసవిలో ట్యాంకర్ వస్తుందా అని. నేను గేటు దగ్గరే నిలబడి "బడి ఎంత దూరం?" అని అడిగేదాన్ని. "ముందు లోపలికొచ్చి ఇల్లు సూడు తల్లీ, బడి యాడికీ పోదు" అని నవ్విన వాళ్ళు తిరుపతిలో చాలామంది ఉన్నారు.

నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అంతే. అందుకే బడిని నేను చెవితో చూసుకున్నాను. గోడ పక్కన నిలబడి వినేదాన్ని. పిల్లలు పాట పాడుతుంటే వెనక కూర్చున్న వాళ్ళ గొంతులు కూడా వస్తున్నాయా, ముందు కూర్చున్న నలుగురే అరుస్తున్నారా? ఏడ్చే పిల్ల ఎంతసేపటికి ఊరుకుంటుంది? ఊరుకుంటే బుజ్జగించినందుకా, భయపడినందుకా? ఆ రెండు ఊరుకోవడాలకూ తేడా తల్లికి తెలుస్తుంది. కొన్ని చోట్ల మూడంతస్తుల మేడ ఉండేది, గోడ నిండా ఏనుగులూ జిరాఫీలూ. బయట నిలబడితే పిల్లల చప్పుడే వినిపించేది కాదు. పిల్లలు చప్పుడు చేయని చోట నా బిడ్డను వదలడానికి నాకు ధైర్యం చాలలేదు.

అంగన్‌వాడీలైతే మధ్యాహ్నం అన్నం వేళకు పోయి చూసేదాన్ని. గుడ్డు చేతిలో పెట్టి పోతున్నారా, ఒలిచి పెడుతున్నారా అని.

అప్పటికి నా బిడ్డకు నాలుగేళ్ళు. నేను ఆడపిల్లల హాస్టల్లో, మెస్సులో కూరగాయలు తరిగే పనికి పోతున్నాను. బిడ్డను వదిలే దిక్కు లేక వెంట తీసుకుపోయేదాన్ని. ఉల్లిగడ్డల మూటల మధ్య గోనెపట్ట పరిచి పడుకోబెట్టేదాన్ని. దాని బట్టలు ఎంత ఉతికినా ఉల్లి వాసన పోయేది కాదు.

నా పక్కన ఇంకొకామె కూర్చుని తరిగేది. నాకన్నా చిన్నది, నన్ను అక్కా అని పిలుస్తుంది. వాళ్ళాయన ఆటో తోలుతాడు. వాళ్ళకు ఒకే కూతురు, రెండో తరగతి. కరకంబాడి రోడ్డు వైపు ఉండేవాళ్ళు. బడికి పోవాలంటే ఆ పిల్ల లారీలు పోయే రోడ్డు దాటాలి, వచ్చాక అమ్మ వచ్చేదాకా అంగడి అరుగు మీద కూర్చోవాలి. అందుకని ఆమె కూడా ఇల్లు వెతుకుతూ ఉండేది. మేమిద్దరం తరిగేది బీన్సే అయినా మాట్లాడుకునేది ఇళ్ళ గురించే.

ఆ ఇల్లు కనిపెట్టింది ఆమె. ఈ మాట నేను మొదటే చెప్పాలి.

జీవకోన వైపు ఒక సందు. సందుకు ఒక పక్క సర్కారు బడి, ఐదో తరగతి వరకు. అదే కాంపౌండులో ఒక మూల అంగన్‌వాడీ. సందుకు రెండో పక్క మేడ, దాని కింద ఒక గదీ వంటిల్లూ, వాకిట్లో టులెట్ బోర్డు. గేటు తీస్తే ఎదురుగా బడి గేటు. బిడ్డ మూడేళ్ళకు లోపలికి పోతే పదేళ్ళకు బయటికి రావచ్చు, ఇల్లు మారనక్కర లేదు, బడి మారనక్కర లేదు.

"ఆదివారం ప్రార్థన కాంగానే పోదాం అక్కా. నువ్వూ రా, ఆ సందులోనే ఇంగో ఇల్లు దొరికితే ఇద్దరం ఒకే చోట ఉండొచ్చు" అన్నది.

నేను గోడ పక్కన నిలబడి వినడానికి ఆదివారం బడి లేదు. ఆమె అప్పటికే రెండుసార్లు పోయి, నా బదులు విని వచ్చింది. "అంగన్‌వాడీ టీచరు పిల్లోళ్ళను తిడతాది అక్కా, కానీ తిట్టేటప్పుడు నవ్వుతాది" అని చెప్పింది. నాకు అది చాలు.

వాళ్ళు కిరస్తానీలు. ఆమె పోయే చర్చిలో బంగారం పెట్టుకోరు, పూలు పెట్టుకోరు, బొట్టు సరే సరి. మెడలో ఏమీ ఉండదు. ఆదివారం తెల్లచీర. చర్చి నుంచి నేరుగా అట్లాగే వచ్చింది. నాకు బొట్టు ఉంది. మా ఆయన పోయినప్పుడు తీసేశాను. బిడ్డకు మాటలు వచ్చాక "అమ్మ మొగం బాలేదు" అని దాని స్టిక్కర్లలో ఒకటి తీసి నాకు అంటించింది. అప్పటినుంచి పెట్టుకుంటూ ఉన్నాను. అంత చిన్న మెరూన్ చుక్క. మెడలో పూసల దండ ఒకటి.

ఇంటి ఓనరు పెద్దమ్మ గేటు తీసి మా ఇద్దరినీ కింద నుంచి పైకి చూసింది. పెద్దమ్మ చూపు తెల్లచీర ఆమె బోసిమెడ మీద ఆగింది, తర్వాత నా నుదురు మీద ఆగింది.

"ఇల్లు ఎవురికి?" అన్నది.

ఆమె నోరు తెరిచేలోగా పెద్దమ్మే ఆమెను చూసి మళ్ళీ అందుకుంది. "తప్పు పట్టుకోవాకు తల్లీ, నీ రాత అట్టుంటే నువ్వేం చేస్తావు. మా ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనాడు. ఎదురు సూసుకోకుండా గడప దాటడు. పొద్దున లేస్తానే మొగుడు పోయినామె మొగం సూసి బయటికి పొమ్మంటే ఆయన ఒప్పుకోడు. ఈయమ్మికైతే ఇస్తాను."

ఈయమ్మి అంటే నేను.

నేను "పెద్దమ్మా, ఆమె కాదు" అని మొదలు పెట్టాను. నా చీర కుచ్చిళ్ళ దగ్గర గట్టిగా గిచ్చిందామె.

"ఆమెకే పెద్దమ్మా ఇల్లు. నేను ఊరికే తోడొచ్చినా" అన్నది.

"మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" అని నన్నడిగింది పెద్దమ్మ.

నేను నా పక్కనున్నామె వైపు చూశాను. ఆమే చెప్పింది. "వాళ్ళాయన లారీ డ్రైవరు."

అందులో అబద్ధం లేదు. మా ఆయన లారీ డ్రైవరే. ఆ మాటలో ఉన్నాడనీ లేదు, పోయాడనీ లేదు. నేను తల ఊపాను. పెద్దమ్మ ముఖం విచ్చుకుంది. "డ్రైవరు పెండ్లామా! అయితే మనం మనం ఒకటే" అని లోపలికి రమ్మంది. నాకు మంచినీళ్ళు ఇచ్చింది. ఆమెకు ఇవ్వలేదు. ఆమె గేటు బయటే ఎండలో నిలబడింది.

సందు మలుపు తిరిగాక ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "నా మొగుడు గుండ్రాయి మాదిరి తిరగతాంటే నన్ను ముండమోపిని చేసింది సూడు. సాయంత్రం ఆయనకి చెప్పాల, నువ్వు సచ్చిపోయినావంట అని."

"నవ్వాకు మే. ఎందుకు చెప్పనీలేదు?" అన్నాను.

"చెప్తే ఏమైతాది? నాకు మొగుడుండాడని చెప్తే నీకు లేడని బయట పడతాది. నన్నేమో కిరస్తానీ అని ఇంగో వంక వెతుకుతాది. ఇద్దరికీ పోయేదానికంటే ఒకరికన్నా రానీ అక్కా. నా కూతురు అంగట్లో కూర్చోనుంటాది, నీ బిడ్డ ఉల్లిగడ్డల్లో పండుకోనుండాది. ఏది ముందు?"

నేను వద్దు అని గట్టిగా అనలేదు. అనుంటే ఆమె వెనక్కి తిరిగి పోయి చెప్పేదేమో. నాకు అప్పటికే చెవిలో బడి గంట వినిపిస్తోంది.

జూన్‌లో చేరాము. బిడ్డను మొదటి రోజు వదిలినప్పుడు నా కొంగు పట్టుకుని ఏడ్చింది. నేను వాకిట్లో నిలబడి వింటూ ఉన్నాను. నేను గిన్నె తోమేలోపలే ఊరుకుంది. బుజ్జగిస్తే ఊరుకున్న ఊరుకోవడం. ఆ రోజు నా అంత సుఖపడిన మనిషి ఆ సందులో లేదు.

సాయంత్రం అంగన్‌వాడీ వదిలాక నేను వచ్చేదాకా బిడ్డ పెద్దమ్మ వరండాలో ఆడుకునేది. అడగకుండానే పెద్దమ్మ చూసుకుంది. దానికి జడ వేసింది, రాగి సంగటి ముద్ద చేసి నోట్లో పెట్టింది. ఆమె చేసిన ప్రతి మంచీ నాకు ముల్లులాగే గుచ్చుకునేది.

మా ఆయన ఫోటో పెట్టెలో అడుగున పెట్టాను. పాత ఇంట్లో గోడకు ఉండేది, దండ వేసి. బిడ్డ అడిగింది. "నాయన్ను ఎందుకు పెట్లో పెట్నావు? ఊపిరాడదు గదా."

"గోడకు మేకు దిగలేదమ్మా" అన్నాను.

వాళ్ళ నాయన పోయేనాటికి దానికి నడక కూడా రాలేదు. ఆ ఫోటోలో తప్ప అది ఆయన్ను చూసింది లేదు. అది కూడా నేను దాచాను.

పెద్దమ్మ అప్పుడప్పుడు అడిగేది, "లారీ ఇంకా రాలేదా?" అని. "లేదు పెద్దమ్మా" అనేదాన్ని. అదీ అబద్ధం కాదు. ఒకసారి మామిడికాయ ఊరగాయ జాడీలో పెట్టి ఇచ్చింది. "మీ ఆయనొస్తే పెట్టు. డ్రైవర్లకు హోటలు తిండి తిని తిని నోరు సచ్చిపోయుంటాది" అన్నది. ఆ ఊరగాయ మెస్సుకు తీసుకుపోయి ఆమెకు పెట్టాను. ఆమె చేతిలో అన్నం ముద్ద పట్టుకుని, "పోయినోడి పేరుతో ఉండేటోళ్ళం తింటాండాము. బాగుండాది, ఇంగొంచెం ఎయ్" అన్నది. నవ్వించడానికే అన్నదని తెలుసు. నాకు నవ్వు రాలేదు.

ఆమె కూతురు మాత్రం ఆ అంగడి అరుగు మీదే ఉంది. మా సందులో ఇంకో ఇల్లు దొరకలేదు. "పాపను మా దగ్గరి బడిలో చేర్చు, పొద్దున తెచ్చి నా దగ్గర వదులు" అని ఎన్నిసార్లో అనుకున్నాను. అనలేకపోయాను. ఎందుకంటే మేము చేరిన వారంలోనే పెద్దమ్మ చెప్పింది, "ఆ తెల్లచీర ఆమెను సాయంత్రాలు రమ్మను, వద్దనను. పొద్దున మాత్రం గేటు కాడికి రానియ్యాకు" అని. ఆ మాట నేను ఆమెకు మోసుకుపోయి చెప్పాను. "సరేలే అక్కా" అన్నది.

ఇంతలో పెద్దమ్మ కోడలు, పుట్టింట్లో చూసేవాళ్ళు లేక, ఇక్కడికే కాన్పుకు వచ్చింది. ఒక పొద్దున నేను బిడ్డకు పాలు పోస్తుంటే పైనుంచి కేక. "అమ్మాయ్, బిరీన నీళ్ళ బిందె ఎత్తుకోని ఎదురు రా! కోడల్ని ఆస్పత్రికి తీసుకపోతాండాం!"

మా ఆయన లోడు ఎత్తిన ప్రతిసారీ నన్ను ఎదురు రమ్మనేవాడు. పసుపు రాసుకుని, బొట్టు పెట్టుకుని, నిండు బిందెతో వీధి చివర నుంచి నడిచి వచ్చేదాన్ని. ఆయన నన్ను చూసి నవ్వి, ఇంజన్ ఆన్ చేసేవాడు. ఆఖరిసారి పోయిన రోజు కూడా నేనే ఎదురు వచ్చాను, ముత్తైదువగానే. ఆ లారీ నగరి దాటాక బోల్తా పడింది. ఎదురు ఎవరు వస్తే ఏమవుతుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? అయినా ఆ పొద్దున బిందె ఎత్తుకుని ఎదురు పోయాను. ఎత్తుకున్న బిందెలో నీళ్ళు నా చీర మీదికి తొణికాయి. పెద్దాయన నన్ను చూసి చేతులు జోడించి కోడల్ని ఆటో ఎక్కించాడు. ఆయన జోడించిన చేతులు నేను మర్చిపోలేను.

ఆ రోజు మెస్సులో వేలు తెగింది. "ఏమైంది అక్కా?" అని ఆమె అడిగితే చెప్పాను.

"మీ దేవుళ్ళకు బొట్టు మాత్రమే కనపడతాదా, మొగం కనపడదా?" అన్నదామె. తర్వాత నా వేలికి గుడ్డ కడుతూ, "గమ్మునుండు. ప్రార్థన చేస్తాలే ఆ కోడలికి" అన్నది.

సాయంత్రం పోయేసరికి పెద్దమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. మగబిడ్డ, ఇద్దరూ క్షేమం. నా నోట్లో లడ్డు కుక్కి, "నీ ఎదురు మంచిది తల్లీ" అన్నది.

ఇదంతా బయటపడింది రాకెట్ రోజున. శ్రీహరికోటలో రాకెట్ వదిలితే తిరుపతి మేడల మీద నుంచి తూర్పున కనిపిస్తుంది. బడిలో చెప్పారట, సాయంత్రం మేడలెక్కి చూడండి అని. ఆమె కూతురు వినలేదు, చూడాల్సిందే అని. సాయంత్రమే కదా అని ఆమె కూతుర్ని తీసుకుని మా మేడ మీదికి వచ్చింది. పెద్దమ్మ, పెద్దాయన, పసివాణ్ణి ఎత్తుకున్న కోడలు, సందులో పిల్లలు, అందరం పైనే ఉన్నాం.

వాళ్ళాయన్ను రావద్దని చెప్పింది. ఆయనేమో బేరం తొందరగా అయిపోయిందని, కూతురు రాకెట్ చూస్తుంటే తనూ చూడాలని ఆటో సందులో ఆపి కేకేశాడు. "ఏమే, యాడుండారు?"

ఆమె కూతురు పిట్టగోడ మీదికి వంగి, "నాయనా! పైనుండాం, బిరీన రా!" అని సందంతా వినపడేలా అరిచింది.

ఆయన మెట్లెక్కి వచ్చాడు. ఖాకీ చొక్కా. "వదినా, వచ్చేసిందా రాకెట్టు?" అని నన్ను అడిగాడు.

"ఎవురప్పా నువ్వు?" అన్నది పెద్దమ్మ.

"ఈమె మొగుణ్ణి పెద్దమ్మా" అన్నాడు, తెల్లమొహం వేసుకున్న పెండ్లాన్ని చూపించి.

అప్పుడే పిల్లలు అరిచారు. తూర్పున కొండ మీద దీపం మాదిరి ఒక వెలుగు పైకి లేచింది. వెనకాల తెల్లటి పొగ. అందరూ ఆ వైపు తిరిగారు. పెద్దమ్మ ఒక్కతే తిరగలేదు. నా వైపే చూస్తూ ఉంది.

"మరి లారీ?" అన్నది.

"బోల్తా పడింది పెద్దమ్మా. ఆయన లేడు. పాపకు నడక రాకముందే పోయినాడు."

"అంటే ఆ పొద్దు బిందెతో..."

"నేనే పెద్దమ్మా."

ఆమె కోడలి చేతిలోని పసివాణ్ణి చూసింది. మెట్లు దిగి పోయింది. పెద్దాయనకు చెవి సరిగా వినపడదు, "ఏమైందే, ఏమైందే" అంటూ వెంట పోయాడు.

ఆ రాత్రే సామాను సర్దడం మొదలుపెట్టాను. పొద్దున పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

"ఖాళీ చెయ్యమని నా నోటితో చెప్పను. బిడ్డ బడిలో కుదురుకోనుండాది, దాన్ని ఇప్పుడు యాడికి ఈడ్చుకపోతావు? కానీ ఆయన బయటికి పోయేటప్పుడు నువ్వు వాకిట్లోకి రావాకు. ఇంగ నీతో నాకు అంతకన్నా మాటలు లేవు" అన్నది. మళ్ళీ తనే తిట్టినట్టు అడిగింది. "ఆ తెల్లచీర ఆమెకు ఆ పొద్దు నేను నీళ్ళన్నా ఇయ్యలేదే. మొగుడుండే ఆడదాన్ని గేటు బయట నిలబెడితిని. నువ్వన్నా చెప్పకూడదా?"

నా మీద కోపం కన్నా ఆమెకు అదే ఎక్కువ బాధ అనిపించింది. తర్వాత ఆ తెల్లచీర ఆమెనే పిలిపించి పసుపు, కుంకుమ, రవికగుడ్డ పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. ఆమె రవికగుడ్డ తీసుకుంది. "పసుపు కుంకం మాకు కూడదు పెద్దమ్మా, రవిక మాత్రం కుట్టించుకుంటా" అన్నది. పెద్దమ్మకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

ఇప్పుడు ఆమె కూతురు కూడా ఈ బడిలోనే చదువుతోంది. సాయంత్రాలు నా బిడ్డతో కలిసి పెద్దమ్మ వరండాలోనే ఉంటుంది. పొద్దున ఆమె ముందు గేటు నుంచే లోపలికి వస్తుంది. పెద్దమ్మ "రామ్మా" అంటుంది. పెద్దాయన చెప్పులు వేసుకుంటూ ఉంటే నేను లోపల తలుపు వెనక నిలబడతాను. ఆయన చెప్పుల వారు బిగించుకోవడానికి చాలాసేపు పడుతుంది. బడి గంట కొడతారు. నా బిడ్డ "పోదాం రామ్మా" అని చేయి పట్టి లాగుతుంది. "అత్తతో పో" అంటాను. రెండు చేతుల్తో ఇద్దరు పిల్లల్ని పట్టుకుని ఆమె సందు దాటిస్తుంది. నేను కిటికీ సందులో నుంచి చూస్తాను. ఆమె ఇన్నాళ్ళు గేటు బయట ఎట్లా నిలబడిందో నాకు ఇప్పుడు తెలిసింది.

మొన్న మెస్సులో అడిగాను. "ఇల్లు కనిపెట్టింది నువ్వు. పెద్దమ్మ నీకైతే సంతోషంగా ఇస్తుంది. నువ్వొచ్చేయ్, నేను ఖాళీ చేస్తాను."

"నువ్వు యాడికి పోతావు?"

"యాడికో ఒక చోటికి."

"నీ బిడ్డకు వచ్చే ఏడు ఒకటో తరగతి. ఉల్లిగడ్డల మూటల కాడ కూర్చోని చదవతాదా? వద్దు అక్కా" అన్నది వెంటనే.

నేను ఇంకోసారి అడగలేదు. నిజం చెప్పాలంటే, వద్దంటుందని తెలిసే అడిగాను. ఒకవేళ సరే అనుంటే నేను ఏం చేసేదాన్నో నాకు తెలియదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే అంత తొందరగా వద్దన్నది. నన్ను ఇంకో మాట అననీయకుండా, నా చేటలో బీన్సు సగం తన వైపు లాక్కుని, "నీ వేలు మళ్ళా తెగుతాది, అటు సూసి తరుగు" అన్నది.